ఒక్క కూతకు ఒక్క జవాబు

నా చిన్నప్పుడు కోరుట్లలో మా పక్కింట్లో ఒక అక్క ఉండేది. డిగ్రీ చదువుతూ కాలేజీ కబడ్డీ జట్టులో ఆడేది. వాళ్ళ నాన్న దుబాయిలో ఉండేవాడు. నేను పెద్దమ్మా అని పిలిచే వాళ్ళమ్మ పొద్దంతా వాకిట్లో చాట ఒళ్ళో పెట్టుకుని బీడీలు చుట్టేది.

ఆ ఏడు అక్క వృక్షశాస్త్రం తప్పింది. పోటీలకని జగిత్యాల, సిరిసిల్ల తిరిగిన రోజుల్లో క్లాసులు పోయాయి. ఊళ్ళో ఉన్న రోజుల్లోనేమో ప్రాక్టీసు నుంచి వచ్చి పుస్తకం తెరవగానే కూర్చున్నచోటే నిద్రపోయేది. పెద్దమ్మ అరవలేదు. చేతిలో పని ఆపకుండానే తేల్చేసింది.

"మల్ల రాసే పరీక్షల పాసైతె ఆడు. కాకుంటె ఆట బంద్. అచ్చి నా పక్కన చాట వట్టు."

అక్క ముఖం చూసి నాకు ఏడుపొచ్చింది. ఆట లేని అక్కను నేను ఊహించుకోలేను.

కూర్చుంటే నిద్ర వస్తోందని అక్క కూర్చోవడమే మానేసింది. తోటి విద్యార్థిని దగ్గర నోట్సు తెచ్చి నా చేతికిచ్చి, వాకిట్లో ఇటుక ముక్కతో గీత గీసింది. గీత దగ్గర ఊపిరి నిండా పీల్చుకుని, కబడ్డీ కూతకు బదులు జవాబు అందుకునేది. ఊపిరి తెగకుండా చెబుతూ పోయి ప్రహరీగోడ ముట్టుకుని రావాలి. ఆగినా, తడబడినా నేను ఔట్ అనాలి. పెద్ద జవాబులను ఒక్కో ఊపిరికి సరిపడా ముక్కలు చేసుకునేది. "గీ పోరి మా రెఫరీ కన్న కఠినమున్నది" అని నవ్వి మళ్ళీ గీత దగ్గరకు పోయేది. వారం తిరిగేసరికి జవాబులు కూతలాగే సాగిపోతుంటే నేను నోరు తెరుచుకుని చూసేదాన్ని. పెద్దమ్మ మాత్రం ఒక్కసారి కూడా తలెత్తేది కాదు. కోపం తగ్గలేదేమో అనుకున్నాను.

పరీక్ష ముందు రోజు ఆకు నిర్మాణం గురించిన జవాబు. అక్క గోడ ముట్టుకుని, ఇంకా ఊపిరి ఉండగానే గీత దాటింది. నేను చప్పట్లు కొట్టాను. పెద్దమ్మ తునికాకు కత్తిరిస్తూనే అంది, "ఔట్."

ఇద్దరం తిరిగి చూశాం.

"ఆకు కింది దిక్కు రంధ్రాలు ఎక్కువుంటయని నిన్నటిదాంక చెప్పినవ్ గద. గియ్యాల్ల ఇడిశిపెట్టినవ్."

నోట్సు చూశాను. ఆ వాక్యం అక్కడే ఉంది, నా వేలే దాన్ని దాటిపోయింది. తన పేరు రాయడం కూడా రాని పెద్దమ్మ ఆ పాఠమంతా విని దాచుకుంది. చేతిలోని ఆకును తిరగేసి, అడుగువైపు వేలితో మెల్లగా నిమిరి చూసుకుంది. అక్క గీత దగ్గరకు వెళ్ళి మళ్ళీ ఊపిరి పీల్చుకుంది.

అక్క పాసైంది. చదువు అయిపోయేదాకా ఆడుతూనే ఉంది.

ఇప్పుడు మా పాప పరుగు పందేలకు సాధన చేస్తోంది. సాయంత్రం అలసి వచ్చి పుస్తకం మీదే తల వాల్చేస్తుంది. ఈ పరుగు దాని చదువును తినేస్తుందేమోనని నాకు భయం. మానేయమనే మాట ఎన్నోసార్లు నోటిదాకా వచ్చింది. అలాంటప్పుడు చిక్కుడుకాయలు ముందేసుకుని కూర్చుని, చదివింది నడుస్తూ చెప్పమంటాను. చేతులు ఈనెలు తీస్తుంటాయి, చెవులు దాని వెంటే తిరుగుతుంటాయి. నిన్న ఒక వాక్యం వదిలేసింది. తలెత్తకుండానే ఔట్ అన్నాను. అది ఆగి, నా వైపు తిరిగి, అలాగే చూస్తూ నిలబడింది. ఆ చూపు నాకు తెలుసు.