నాలుగో వరుస తెలుగు

నాన్న రైల్వే వర్క్‌షాపులో రిటైరయ్యాక, ఆ బెంగాలీ ఊళ్ళోనే తాల్‌బగీచా అనే పేటలో మేము ఇల్లు కట్టుకున్నాం. వీధిలో ఎవరికి ఏ నోటు మీద అనుమానం వచ్చినా ఆయన దగ్గరికే తెచ్చేవారు. నాన్న నోటును కిటికీ వెలుతురుకు ఎత్తి పట్టేవాడు. ఖాళీ చోట గాంధీగారి నీడబొమ్మ, నిలువునా మెరిసే దారం చూసేవాడు. ఆఖరికి వెనక్కి తిప్పి, చిన్న అక్షరాల భాషల పట్టీలో పై నుంచి నాలుగో వరుస మీద బొటనవేలు ఆనించేవాడు.

"మన తెలుగు ఉంది. మంచి నోటే, తీసుకెళ్ళు దాదా."

మా మధ్య ఉండి మా తెలుగే పట్టుబడిన పక్కింటి బెంగాలీ దాదా టీ కూడా తాగి మరీ వెళ్ళేవాడు.

నాది హిందీ మీడియం. తెలుగు మాట్లాడటమే తప్ప చదవడం రాదు. నలభై దాటాక పంతం పట్టి ఫోనులో అక్షరాలు నేర్చుకున్నాను. కొత్త విద్య కదా, కంటపడిన ప్రతిదీ చదివేసేదాన్ని. అలా ఓ రోజు పది రూపాయల నోటు చేతికొచ్చింది. నాలుగో వరుస కూడబలుక్కున్నాను. "హత్తు రూపాయి..." హత్తేమిటి, నా మొహం! నా చదువే తప్పనుకున్నాను. కిందికి దిగితే, చివరి నుంచి రెండో వరుసలో "పది రూపాయలు" అని శుభ్రంగా ఉంది. ఇన్నేళ్ళూ నాన్న కన్నడం మీద వేలేసి వీధంతటికీ హామీ ఇస్తున్నాడన్నమాట.

నవ్వాపుకోలేక పరుగెత్తాను. "నాన్నా, అది కన్నడం!"

ఆయన నవ్వలేదు. తలుపు వైపు చూశాడు. "మెల్లిగా అనమ్మీ, దాదా ఇంటాడు."

"నీకు తెలీదేటి?"

"నాకు తెలుగు సదవడం రాదమ్మీ. గుండ్రంగా ఉంటే మనదే అనుకున్నాను."

శ్రీకాకుళం నుంచి శుభలేఖ వచ్చినప్పుడల్లా ఆయన కళ్ళజోడు ఎందుకు మాయమయ్యేదో అప్పుడర్థమైంది. నవ్వుతూ పరుగెత్తినందుకు నాకే సిగ్గేసింది. మెల్లగా పక్కన కూర్చుని అసలు వరుస చూపించాను.

మర్నాడు దాదా ఐదువందల నోటు తెచ్చాడు. నాన్న బొటనవేలు బాగా కిందికి దిగింది. దాదా పట్టేశాడు. "తెలుగు కిందికి పోయిందేటి?"

"ట్రాన్స్‌ఫరైపోయింది దాదా," అన్నాడు నాన్న తడుముకోకుండా.

రైల్వేలో పనిచేసిన దాదాకు అందులో వింతేమీ కనబడలేదు. ఠీక్ హై అని వెళ్ళిపోయాడు.

తలుపేసి వచ్చి, నాన్న కరెంటు బిల్లు వెనకవైపు తిప్పి నా ముందుకు తోశాడు. "నా పేరు రాయమ్మీ."

రాశాను. మూడక్షరాలు. ఒక్కొక్కదాని కింద వేలు పెట్టి నా చేత పలికించుకున్నాడు. తరవాత తనే ఒకసారి పలికాడు.

"ఇంతేనేటి? ఇంత సిన్నదానికా ఇన్నాళ్ళూ బయపడినాను?"