పొయ్యి నోటి దగ్గర గాలి

బక్కయ్య గడ్డిఅన్నారంలో లేత్ మిషన్ మీద పదకొండేళ్లు పనిచేసి, ఎల్బీనగర్ దగ్గరి ఒక ప్రభుత్వ ఇంజనీరింగ్ కాలేజీలో మెకానిక్‌గా చేరాడు. మంటలు మండే తీరును పరీక్షించే ల్యాబ్‌లో లేజర్ అద్దాలను సరిచేసే పని అతనిది. వెంట్రుకవాసి తేడా వచ్చినా వెలుగు పక్కకు పోతుంది. స్క్రూ తిప్పేటప్పుడు అతను ఊపిరి బిగబట్టేవాడు.

ల్యాబ్ బాధ్యత లలితకుమారిది. గుడివాడ నుంచి వచ్చి దిల్‌సుఖ్‌నగర్‌లో స్థిరపడింది. పొగ తక్కువ వచ్చే కట్టెల పొయ్యి మీద ఆమె పరిశోధన. పొయ్యిలోకి పోయే గాలి కంటికి కనబడదు కాబట్టి అందులో సన్నటి తెల్లపొడి కలిపేవారు. పలుచని రేకులా పరుచుకున్న ఆకుపచ్చ లేజర్ వెలుగు వెంటవెంటనే రెండుసార్లు మెరిసేది. కెమెరా రెండు ఫొటోలు తీసేది. మొదటి ఫొటోలోని రేణువు రెండోదాంట్లో ఎంత జరిగిందో చూస్తే, గాలి ఎటు, ఎంత వేగంగా పోతోందో తెలిసేది.

2011 సెప్టెంబరులో తెలంగాణ రాష్ట్రం కోసం సకల జనుల సమ్మె మొదలైంది. ముందురోజు బక్కయ్య ఆమె గదికి వచ్చాడు.

"రేపటి సంది నేను రాను మేడం. మీకు పరేషాన్ అయితదని తెలుసు."

"మీ నిర్ణయం మీది బక్కయ్యగారూ. రావద్దనుకుంటే నేనెలా రమ్మంటాను?" అంది. ఆమె నొచ్చుకున్న మాట మాత్రం నిజం.

సమ్మె ఆరు వారాలు సాగింది. కరెంటు ఉన్న గంటల్లో ఆమె ఒక్కతే కొలతలు తీసింది. ఫలితం అనుకున్నదానికంటే బాగా వచ్చింది. పొయ్యి నోటి దగ్గర గాలి ఎక్కడా వెనక్కి తిరగడం లేదు. అంటే పొగ వండేవాళ్ల ముఖం మీదికి రాదు. ఆమె వ్యాసం రాసి ఒక సదస్సుకు పంపేసింది.

సమ్మె ముగిశాక వచ్చిన బక్కయ్య ఆ ఫొటోలు చాలాసేపు చూశాడు. పొడి డబ్బా మూత తీసి చిటికెడు వేళ్ల మధ్య నలిపాడు.

"గీ పొడికి చెమ్మ వట్టింది మేడం. ఉండలు గట్టింది. బరువున్నది గాలితోని తిరుగదు, నేరుగ పోతది. సుడి ఉన్నా మనకు కనవడదు."

ఆమె ముఖం ఎర్రబడింది. "మీరు లేకుండా చేశాను కాబట్టి తప్పంటున్నారా?"

బక్కయ్య డబ్బా మూత బిగించాడు. "నేనుండి చేసినా తప్పు తప్పే మేడం. మళ్ల కొలిసి చూద్దాం."

పొడిని వేడిమీద ఆరబెట్టి, జల్లించి, మళ్లీ కొలిచారు. పొయ్యి నోటి పై అంచు దగ్గర గాలి సుడి తిరిగి బయటికి వస్తోంది. దాంతోపాటే పొగ.

ఆ రోజే లలితకుమారి వ్యాసం వెనక్కి తీసుకుంటూ సదస్సువారికి ఉత్తరం రాసింది. కారణం దాచలేదు. తర్వాత బక్కయ్యతో, "మీతో అలా మాట్లాడకుండా ఉండాల్సింది" అంది.

"గా దినాలల్ల అందరి మనసులు గట్లనే ఉండె మేడం" అన్నాడతను.

అంచు వంపు మార్చి బక్కయ్య ఏడు నమూనాలు చేశాడు. ఏడోదాంట్లో సుడి పోయింది. మరుసటి సంవత్సరం అచ్చయిన వ్యాసంలో ఆమె పేరు పక్కన అతని పేరు ఉంది.

ఆ పొయ్యినొకటి బక్కయ్య హయత్‌నగర్‌లోని ఇంటికి తీసుకుపోతే, అతని భార్య కిష్టమ్మ వారం రోజులు దానిమీదే జొన్నరొట్టెలు చేసింది.

"పొగ లేదు, మంచిగుంది. గని నోరు ఇరుకైంది. లావు కట్టె వట్టదు" అంది.

బక్కయ్య మర్నాడు ఆ మాట చెప్పాడు. లలితకుమారి నోట్‌బుక్ ముందుకు లాక్కుంది.

"ఎంత లావు కట్టె, అడిగారా?"