తొమ్మిదో సంచికలో పెన్సిల్ చుక్కలు

మా చిన్నప్పుడు ఆదివారం టీవీలో ఒక హాస్య సీరియల్ వచ్చేది. ఒకే ఇంట్లో అద్దెకుండే నాలుగు కుటుంబాల గొడవలే కథంతా. సరిగ్గా నవ్వొచ్చే చోట కరెంటు పోయేది. మిగతా సగం తెలుసుకోవడానికే దాని కామిక్ పుస్తకాలు కొనడం మొదలుపెట్టాను. ఇప్పటికీ ఆ పిచ్చి వదల్లేదు. పన్నెండు సంచికల్లో పదకొండు దొరికాయి. తొమ్మిదోది ఖిలా వరంగల్‌లో, ఒకప్పుడు పుస్తకాలు అద్దెకిచ్చిన యాకూబ్ చాచా దగ్గర ఉందని ఒక స్నేహితురాలు చెప్పింది. ఫోన్ చేస్తే, "రా బిడ్డా, ఇస్త" అన్నారు.

సికింద్రాబాద్‌లో పొద్దున్నే రైలెక్కితే రెండున్నర గంటల్లో వరంగల్. స్టేషన్ బయట టిఫిన్ నలభై రూపాయలు, కోట దాకా ఆటో ఎనభై. "తోరణాలు చూస్తవా అక్కా?" అనడిగాడు డ్రైవర్. కాదు, కామిక్ పుస్తకం కోసమన్నాను. అద్దంలోంచి ఎగాదిగా చూసి, "గంత దూరంకెల్లి బొమ్మల పుస్తకానికొచ్చినవా? పిల్లలకా?" అన్నాడు. నాకే అన్నాక అద్దం పక్కకు తిప్పేశాడు.

చాచా పుస్తకం నా చేతిలో పెట్టి, చాయ్ పెట్టడానికి లోపలికెళ్లారు. అట్ట కొత్తదానిలా ఉంది. లోపల మాత్రం మాటల పక్కన అక్కడక్కడా పెన్సిల్ చుక్కలు. పాత పుస్తకం చేతికొస్తే మరక కనపడకూడదు నాకు, సంచిలో రబ్బరు ఎప్పుడూ ఉంటుంది. ఆయన వచ్చేలోపు మొదటి పేజీలోని ఏడు చుక్కలూ శుభ్రంగా తుడిచేశాను.

"అరే, ఏం జేస్తానవ్ బిడ్డా?" గ్లాసులు కింద పెట్టి ఆయన నా పక్కన కూర్చున్నారు. "మీ చాచీకి తెలుగు సదువుడు రాదు. నేను సదువుతుంటె ఇనేది. ఆమె నవ్విన కాడల్లా చుక్క పెట్టిన. మళ్ల సదివేటప్పుడు ఆడ జర ఆగాలె గదా. లేకుంటె నవ్వుల పడి తర్వాతి మాట ఇనకపోయేది."

చాచీ పోయి మూడేళ్లయిందట. సిగ్గుతో నాకు తలెత్తబుద్ధి కాలేదు. క్షమించమన్నాను. "ఫికర్ జేయకు. సదువు" అన్నారు. పైకి చదివాను. ఆయన కళ్లు మూసుకుని విన్నారు. ఆయన చెయ్యెత్తిన చోటల్లా ఆగి చుక్క పెట్టాను. ఆరు దొరికాయి. ఏడోదాని కోసం ఆ పేజీ ఇంకో మూడుసార్లు చదివాను. "యాదికొస్తలేదు" అన్నారు చివరికి, నెమ్మదిగా. అయినా పుస్తకం నావైపే జరిపారు. "మాటిచ్చిన గదా, తీస్కపో."

తీసుకోలేకపోయాను. సాయంత్రం రైలుకు ఉత్త చేతులతో తిరిగొచ్చాను. అల్మారాలో తొమ్మిదో చోటు ఖాళీగానే ఉంది. మిగతా పదకొండూ నేను తళతళలాడేలా తుడిచినవే, ఎవరి చేతి గుర్తు ఎక్కడుండేదో ఒక్కటీ గుర్తు లేదు. అదే బాధ.

పాత పుస్తకాల కోసం ఇలా ఊళ్లు తిరిగేవాళ్లకు నేను చెప్పగలిగేది ఒకటే: రబ్బరు తీసే ముందు ఆ గుర్తులు ఎవరివో అడగండి. నిన్న చాచాకు ఫోన్ చేశాను. ఏడో చుక్క ఇంకా యాదికి రాలేదట.