మగ్గం తినే జొన్నలు

మా సీమలో ముసురు పట్టకూడదని దండం పెట్టుకునేవాళ్లు ఎవరైనా ఉన్నారంటే అది మేమే, నేతపనివాళ్లం. వాన వద్దని కాదు. ఒక మంచి వాన కురిసి, రైతు నవ్వి, జొన్నల ధర దిగితే మాకూ సంతోషమే. భయమంతా ముసురంటేనే. ముసురు పట్టిందంటే మగ్గం గుంటలో తేమ ఊరుతుంది, నూలు మెత్తబడి పుటుక్కున తెగుతుంది. చీరకు నిలువు పోగులైన పడుగును వీధి పొడవునా సాచి, గంజి పట్టించి, ఎండలో ఆరబెట్టే వీలుండదు. గంజి పట్టని పడుగు మగ్గం మీద నిలవదు. ఆ రోజుల్లో మా ఇళ్లలో నోళ్లు ఆడేవి గానీ చేతులు ఆడేవి కావు.

అందుకని ముసురుకు కావలసిన తిండి ఎండల్లోనే కూడబెట్టుకోవాలి. కళ్లాలు ముగియగానే జొన్నలు, చెట్లు దులిపే రోజుల్లో చింతపండు, ఎండుమిరపకాయలు, దీపానికి ఆముదం. కూడబెట్టుకోలేని ఇంటికి షావుకారు ఎలాగూ ఉన్నాడు. ముసుర్లో బయానా అని ముందే డబ్బు ఇస్తాడు, గింజలూ కొలిపిస్తాడు. ఆ తర్వాత ఆ మగ్గం ఆయన చెప్పిన చీరే నేయాలి, ఆయన చెప్పిన ధరకే ఇవ్వాలి. మా వీధిలో చాలా మగ్గాలు అలా ఆయన చేతిలోకి పోయాయి. మా మామ మాత్రం తన చీరలు తానే మూటగట్టి సంతకు మోసుకుపోయి అమ్ముకునేవాడు. "అప్పు చేసి పప్పుకూడు తినే ఇల్లు కాదు మాది" అని మీసం తిప్పేవాడు. మీసం ఆయనదే గానీ ఇల్లు నడిపేది మా అత్త. ఈ మాట అప్పట్లో అనే ధైర్యం నాకు లేదు. ఇప్పుడు ఎవరికి భయపడాలి?

నేను ఆలూరు పక్క పల్లె నుంచి ఈ కడప జిల్లా ఊరికి కోడలిగా వచ్చిన కొన్నాళ్లకు అత్త కళ్లకు పొర కమ్మింది. జొన్నల్లో పురుగు కనబడటం లేదని గ్రహించిన రోజు ఆమె నన్ను పిలిచి, "ఈ ఏడు ముసురు సంగతి నువ్వే చూస్కో" అంది. మామ గొణిగాడు. "నిన్న గాక మొన్న వచ్చిన పిల్లకు ఏం తెలుసే?" అన్నాడు. అది నాకు కారం పూసినట్టయింది. తెలుసో తెలియదో చూపిస్తానని అప్పుడే అనుకున్నాను.

ఆ ఏటికి ముందు పంటలు సరిగ్గా పండలేదు, జొన్నలు ప్రియం. కొన్నవి తక్కువ. ఆ తక్కువలోంచే నేను ముందుగా ఒక కుండెడు తీసి పక్కన పెట్టాను. అది పడుగుకు పట్టించే గంజికి. మా వీధిలో ప్రతి ఇల్లూ చేసే తప్పు ఒకటుంది. అందరూ ఇంట్లో నోళ్లు లెక్కపెట్టి గింజలు కొంటారు. మగ్గానికీ ఒక నోరుందని మరిచిపోతారు. ముసురంతా ఎలాగో నెట్టుకొచ్చి, ఎండ పొడిచిన రోజు చూసుకుంటే గంజి కాయడానికి గింజ ఉండదు. ఆఖరి రోజున పోయి షావుకారు గడప తొక్కుతారు. ఈత వచ్చినవాడు గట్టు దగ్గర మునిగినట్టుండేది వాళ్ల పని.

మా పుట్టింటి పల్లెలో రైతులు విత్తనాల జొన్నలను వేపాకు వేసి కుండలో పోసి, మూతి మీద మూకుడు బోర్లించి, పేడా మట్టీ కలిపి మెత్తేవారు. ఎంత కరువొచ్చినా ఆ కుండ జోలికి పోరు. నేనూ మగ్గం జొన్నలను అలాగే మెత్తేశాను. మా ఆయన చూసి నవ్వాడు. "మగ్గం మొలకలేస్తాదా ఏంది?" అన్నాడు. నవ్వుకోనీ అని ఊరుకున్నాను.

వాన ఆలస్యంగా వచ్చింది, వచ్చినది పోలేదు. ఇంటి గింజలు అడుగంటాయి. సంగటి అంబలయింది, అంబలి పలచనయింది. నేను కడుపుతో ఉన్నాను. అత్త తన గిన్నెలోది నా గిన్నెలో వంచి, "నాకు అరగదు లేమ్మా" అనేది. ఆమెకు అరగకపోవడం ఏమిటో నాకు తెలుసు.

ఒకరోజు మామ పొయ్యి దగ్గరికే వచ్చాడు. ఆయన ఎన్నడూ అంత దూరం రాడు.

"ఏమ్మా, ఆ కుండ పగలగొట్టు. వట్టి మనిషివి కాదు, ఈ నీళ్లు తాగి ఎట్లుంటావు?"

"అవి మనవి కాదు మామా, మగ్గానివి."

"మగ్గానికి ఆకలైతాదా? మనుషుల కంటే కొయ్య ఎక్కువైపోయిందా ఈ ఇంట్లో?"

నా నోరు ఊరుకోలేదు. "ఈ పొద్దు మనం దాని గింజలు తింటే, రేపు అది షావుకారు గింజలు తింటాది. ఎవురి గింజలు తింటే వాళ్లకే కదా మామా అది పని చేసేది" అన్నాను.

ఆయన వెళ్లిపోయాడు. ఆ తర్వాత నాతో మాట్లాడటం మానేశాడు. నా కోసమే అడిగాడని తెలుసు, అందుకే ఇంకా బాధ. గోంగూర, చెంచలి, దొరికిన ఆకల్లా ఉడికించి పెట్టాను. కుండ మాత్రం ముట్టలేదు. ఒక్కోసారి దాని పక్కన కూర్చుని ఏడ్చాను కూడా.

చివరికి ఒక పొద్దున ఎండ పొడిచింది. వీధి ఆరీ ఆరకముందే నేను కుండ మూతి పగలగొట్టాను. ఒక్క గింజ పుచ్చలేదు. తిరగలి విసిరి, గంజి కాచి బయట పెట్టాను. మామ, మా ఆయన పడుగు సాచారు. వీధి మొత్తంలో అదొక్కటే పడుగు. మిగతా ఇళ్ల మగవాళ్లు భుజాన గుడ్డ వేసుకుని షావుకారింటి వైపు నడుస్తున్నారు. వాళ్లను చూస్తే జాలేసింది గానీ, మా పడుగును చూస్తే నా ఒళ్లు పొంగింది. అబద్ధమెందుకు చెప్పాలి?

కాసేపటికి షావుకారు గుమాస్తా వచ్చి పడుగు పక్కన నిలబడ్డాడు.

"ఏం పెద్దాయనా, ఇంత కరువులో గంజికి గింజలు యాడివి? ఈ ఒక్క పడుగు అయినాక ఏం చేస్తావు? బయానా తీసుకో, నూలు పంపిస్తా."

మామ గంజి పట్టించే కుంచె ఆపలేదు. "గింజల సంగతి నాకు తెల్దప్పా. ఈ ఇంట్లో లెక్క మా కోడలిది. ఆమె నడుగు" అన్నాడు, వీధంతా వినబడేటట్టు.

పరాయి మగవాళ్ల ముందుకు కోడళ్లు వచ్చే కాలం కాదు అది. నేను కొంగు నిండా కప్పుకుని గడప మీదికి వచ్చాను.

"మాకేం వద్దన్నా. చీర మగ్గం దిగినాక సంతలో పెడతాం. నచ్చితే దుడ్లిచ్చి కొనుక్కోమను మీ షావుకారును."

గుమాస్తా మామ వైపు చూశాడు. మామ తలెత్తి, ముసురు మొదలైనాక మొదటిసారి మీసం మీద చెయ్యి వేశాడు.

"విన్యావు కదప్పా. ఎండకు అడ్డం నిలబడొద్దు, పడుగు ఆరాల."