ప్లాస్టర్ కింద ముఖం

మొన్న శుక్రవారం నమాజు ముగించుకుని ఇంటికొచ్చేసరికి మా అమ్మాయి కంప్యూటర్ ముందు తల పట్టుకుని కూర్చుని ఉంది. ఇంట్లోనే ఉండి పెళ్ళి వీడియోలు ఎడిటింగ్ చేస్తుంది తను. పాత యంత్రం ఆ బరువు మోయలేక ఆగి ఆగి నడుస్తోందని ఖమ్మం నుంచి కొత్త గ్రాఫిక్స్ కార్డు తెప్పించి తనే బిగించుకుంది. లోపల ఫ్యాను తిరుగుతోంది, దీపాలు వెలుగుతున్నాయి, తెర మీద మాత్రం 'నో సిగ్నల్' అన్న చిన్న చీటీ అటూ ఇటూ పచార్లు చేస్తోంది. నేను టోపీ అయినా తీయకుండా వెళ్ళి కంప్యూటర్ డబ్బా వెనక చెయ్యి పెట్టి తడిమాను. నీకేం తెలుసు అబ్బా అన్నట్టు చూసింది. నాకేం తెలుసో చెప్పాలంటే భద్రాచలం బస్టాండు ఎదురుగా ఉండిన మా ఫొటో స్టూడియోకి వెళ్ళాలి.

రీలు కెమెరాలు పక్కన పెట్టి అందరం డిజిటల్‌లోకి మారుతున్న రోజులవి. మా అబ్బా, అంటే మా నాన్న, గడియారాలు బాగుచేసిన గదిలోనే మా పెద్దన్నయ్య, మేమందరం భాయిజాన్ అని పిలిచే మనిషి, స్టూడియో పెట్టారు. నేను ఆయన కింద పనివాణ్ణి. భాయిజాన్‌కు కోపం ముక్కు మీదే ఉండేది. అడవి అంచు ఊళ్ళలో వానాకాలం ఎలా ఉంటుందో మీకు చెప్పనక్కర్లేదు, ట్యూబులైటు వేస్తే చాలు ఉసుళ్ళు, వాటి వెనకే బల్లులు. ఒకసారి ఓ బల్లి కంప్యూటర్ డబ్బాలో దూరి, తాను మాడి, లోపలి పవర్ సప్లైని కూడా మాడ్చేసింది. అప్పటినుంచి డబ్బాకు ఎక్కడ బొక్క కనబడినా భాయిజాన్ ఊరుకునేవారు కాదు, దవాఖానాలో కట్లకు వేసే తెల్ల ప్లాస్టర్ తెచ్చి అతికించాల్సిందే. మా వరుసలో కంప్యూటర్ ఉన్న ప్రతి దుకాణంలోనూ ఇదే వైద్యం. మా డబ్బాను వెనకనుంచి చూస్తే లారీ గుద్దిన మనిషిలా ఉండేది, నేను నవ్వితే ఆయనకు ఒళ్ళు మండేది.

పెళ్ళి ఆల్బములు పెద్ద పెద్దవి చేయాలని భాయిజాన్ కొత్త గ్రాఫిక్స్ కార్డు కొనుక్కొచ్చి ఒక వానాకాలపు మధ్యాహ్నం తన చేత్తోనే బిగించారు. బిగించి, అలవాటుగా ప్లాస్టర్లన్నీ మళ్ళీ శుభ్రంగా వేసి, స్విచ్చి నొక్కారు. తెర నల్లగా ఉండిపోయింది. సరిగ్గా అప్పుడే ఒక కోయ అమ్మాయి పరుగెత్తుకుంటూ మా స్టూడియో మెట్లెక్కింది.

దుమ్ముగూడెం అవతల అడవిలో ఊరు వాళ్ళది. కళ్ళు సరిగా కనబడని తండ్రిని దవాఖానాలో చూపించడానికి తీసుకొచ్చి, బస్టాండులో కూర్చోబెట్టి మందులకు వెళ్ళింది. తిరిగొచ్చేసరికి ఆయన లేడు. పెద్దాయనకు కోయభాష తప్ప తెలుగు ముక్క రాదు, చెవులు కూడా అంతంత మాత్రమే, ఎవరు పిలిచినా పలకడు. తెల్ల పంచె, భుజం మీద తువ్వాలు, చేతిలో కర్ర అని ఆనవాళ్ళు చెబితే బస్టాండులో అలాంటి ముసలాళ్ళు ఎటు చూసినా ఉన్నారు. అక్కడి కంట్రోలర్ మంచివాడు, ఫొటో ఉంటే తెమ్మన్నాడు, బయలుదేరే ప్రతి బస్సులోనూ కండక్టరుతో వెతికిస్తానన్నాడు.

"అన్నా, మొన్న మా ఊర్లె మీరు ఫొటోలు తీసిండ్రు గదా. మా నాయనది జల్దీ ఇయ్యుండ్రి, పొద్దు గూకితే ఆయనకు అసలే కనబడదు" అంది.

ఆ ఊళ్ళో పెళ్ళికి వెళ్ళి ఫొటోలు తీసింది నేనే. ఇంకా ప్రింటు వేయలేదు. కంప్యూటర్‌లోకి ఎక్కించాక కెమెరాలోవి తుడిచేసి మళ్ళీ వేరే పెళ్ళికి వాడుకున్నాం. ఆ ముసలాయన ముఖం ప్రపంచం మొత్తంలో ఆ నల్లబడ్డ డబ్బాలో ఒక్కచోటే ఉంది.

"ఏంది, ఇప్పుడే గిట్ల కావాల్నా ఇది!" అంటూ భాయిజాన్ దాని మీద పడ్డారు. మెమరీ ముక్క ఊడదీసి రబ్బరుతో రుద్దారు, పక్క దుకాణం నుంచి వేరే మానిటర్ మోసుకొచ్చి తగిలించారు, వైరు మార్చారు. నో సిగ్నల్. బయట మైకులో పాల్వంచ బస్సు వెళ్ళిపోతోందని, వెంకటాపురం బస్సు కదులుతోందని చెబుతున్నారు. ఒక్కో పేరు వినబడినప్పుడల్లా ఆ అమ్మాయి గుమ్మం దాకా పోయి తొంగిచూసి వస్తోంది. అటువైపు గోదారి గట్టు ఉంది, వానకు నీళ్ళు మెట్ల మీదికి వచ్చాయి. పెద్దాయన అటు నడిచి ఉంటే అన్నదే ముగ్గురి మనసులోనూ.

"ఫొటో పోయిందా అన్నా?" అని చివరికి మెల్లగా అడిగింది. భాయిజాన్ గొంతులో కోపం ఎటు పోయిందో, "పోలేదు బిడ్డా, లోపల్నే ఉన్నది" అన్నారు.

మళ్ళీ స్విచ్చి నొక్కాం. అప్పుడు స్పీకర్లలోంచి, కంప్యూటర్ పూర్తిగా లేచాక వచ్చే ఆ చిన్న రాగం వినబడింది. ఇందాకటి హడావుడిలో వచ్చిందో లేదో ఎవరికి తెలుసు. యంత్రం బాగానే లేచింది, మరి బొమ్మ ఎటు పోతోంది? కొత్తగా వచ్చింది కార్డు ఒక్కటే కదా, దాన్ని పీకేద్దాం అన్నాను. కొత్త కార్డుది తప్పంటే ఆయన ఒప్పుకోరు, ముట్టవద్దని కసిరారు. ఆయన మాట కాదనడం నాకు అలవాటు లేదు, కానీ ఆ అమ్మాయి ముఖం చూశాక డబ్బాను కరెంటు నుంచి పీకి నావైపు తిప్పుకున్నాను. కార్డును బిగించిన స్క్రూ అందాలంటే ప్లాస్టర్ ఊడదీయాలి. గోటితో లాగితే దాని కింద కొత్త కార్డుకున్న నీలిరంగు మూతి ఒకటి కనబడింది, మానిటర్ వైరు పెట్టే పాత మూతి లాంటిదే. బల్లి దూరకుండా భాయిజాన్ మూసేసింది దాన్నే. కార్డు పెట్టాక బొమ్మ పాత దారిలో రావడం మానేసి ఇటునుంచి వస్తోంది, మా వైరు మాత్రం పాత దారిలోనే కాపలా కాస్తోంది.

వైరు మార్చి మళ్ళీ కరెంటు పెట్టగానే తెర వెలిగింది. పెద్దాయన ఎండకు కళ్ళు చిట్లించి, నన్నెందుకు నిలబెట్టావన్నట్టు చూస్తున్న ఫొటో. ప్రింటు తడి ఆరకముందే పట్టుకుని ముగ్గురం రోడ్డు దాటాం. దమ్మపేట బస్సు ఇంజను మోగుతోంది, డ్రైవరు గేరు వేయబోతున్నాడు. కంట్రోలర్ చెయ్యి అడ్డం పెట్టి ఫొటో కండక్టరుకిచ్చాడు. అతను ఫొటో చూస్తూ సీట్ల మధ్య వెనక్కి వెళ్ళి, చివరి సీటు దగ్గర ఆగిపోయాడు.

ఎర్ర బస్సంటే పెద్దాయన లెక్కలో తన ఊరి బస్సే. కూతురు కూడా ఎక్కే ఉంటుందనుకుని కర్ర ఒళ్ళో పెట్టుకుని నిశ్చింతగా కూర్చున్నాడు. ఆ అమ్మాయి ఏడవలేదు, తన భాషలో అందుకుంది. ఒక్క మాటా అర్థం కాకపోయినా తిడుతోందని బస్సులో అందరికీ అర్థమైంది. ఆయన మాత్రం ఫొటో చేతికి తీసుకుని, కళ్ళకు ఆనించుకుని, ఎవరీ ముసలాడు అన్నట్టు కూతురివైపు చూపించాడు. అందరం నవ్వాం, భాయిజాన్ పక్కకు తిరిగి కళ్ళు తుడుచుకున్నారు.

ఇప్పుడు భాయిజాన్ లేరు. స్టూడియో ఉన్న గదిలో సెల్‌ఫోన్ కవర్లు అమ్ముతున్నారు. దుమ్ముగూడెం అవతల కూడా ప్రతి చేతిలో ఫోనుంది, ప్రతి ఫోనులో అయినవాళ్ళ ముఖాలన్నీ ఉన్నాయి, మంచిదే. తండ్రి ముఖం ఇమ్మని పరాయివాడి గుమ్మం ఎక్కాల్సిన అవసరం ఎవరికీ లేదు. అలా ఎక్కినవాళ్ళ కోసం గుండె దడదడలాడిన రోజు ఒకటి నాకు ఉండటం ఎంత భాగ్యమో అప్పుడు తెలియలేదు.

మా అమ్మాయి వైరు కూడా పాత చోటే ఉంది. తీసి కొత్త కార్డుకు పెట్టాను, తెర వెలిగింది. తను పెళ్ళి వీడియో తెరవబోతుంటే ఒక్క నిమిషం ఆగమని, భాయిజాన్ ఫొటో వెతికిపెట్టమన్నాను.