నాబు వెనక చెరకు పిప్పి

నా చిన్నప్పుడు మా తాతయ్యకు ఒక పాత డీజిలు కారుండేది. చోడవరం చుట్టుపక్కల పెళ్ళిళ్ళకీ ఆసుపత్రులకీ అద్దెకు తిప్పేవాడు. బేరం లేని రోజున దాని ముందు సీటు నాది. అందులో ఇంకెవరైనా కూర్చుంటే నాకు అన్నం సహించేది కాదు.

పక్కింటి అక్క ఇంటరు పాసై, టీచరు ట్రైనింగుకి దరఖాస్తు పెట్టింది. సాయంత్రాలు మా అరుగు మీదే చదువుకునేది. తాతయ్యకు పేపరు చదివి వినిపించే పని అప్పటిదాకా నాది. నేను తడుముకుంటూ చదివేదాన్ని, అక్క గడగడా చదివేసేది. తాతయ్య మెల్లగా ఆ పని ఆమెకిచ్చేశాడు. దాని నాలిక మీద సరస్వతి ఉందని వచ్చినవాళ్ళందరితో అనేవాడు. ఆ మాట విన్నప్పుడల్లా నాకు ఒళ్ళు మండిపోయేది. అక్క నన్నెంతో ముద్దు చేసేది. అదీ నచ్చేది కాదు.

ట్రైనింగు ఇంటర్వ్యూకి విశాఖపట్నం వెళ్ళాలి. ఆడపిల్లను అంత దూరం చదివించడం అక్క నాన్నకు ఇష్టం లేదు. తాతయ్య నెల రోజులు నచ్చజెప్పగా, చివరికి తానూ వెంట వస్తానని ఆయన ఒప్పుకున్నాడు. బస్సెందుకు, మన కారుంది కదా అన్నాడు తాతయ్య. ముందు సీటు అక్కదేనని నాతోనే చెప్పాడు.

ఆ పొద్దున్న మా మామ్మ పెరట్లో కనకాంబరాలన్నీ కోసి అక్క జడలో పెట్టింది. నాకు ఒక్కటీ మిగల్లేదు. అది చూసి కళ్ళలో నిప్పులు పోసుకున్నాను. చెరకు నరికే రోజులవి, నా చేతిలో ఓ ముక్క ఉంది. నములుతూనే వెళ్ళి కారెక్కాను. ఆ కారును ఆపాలంటే తాళం తిప్పితే చాలదు, స్టీరింగు పక్కనున్న నల్ల నాబును బయటికి లాగాలి. అప్పుడు ఇంజనుకి డీజిలు ఆగిపోతుంది. మళ్ళీ స్టార్టు చెయ్యాలంటే దాన్ని లోపలికి నొక్కాలి. నాబు అప్పటికే బయటికి లాగి ఉంది. నేను నోట్లో ఉన్న పిప్పిని ముద్ద చేసి దాని వెనక కుక్కేశాను. ఇక అది లోపలికి పోదు.

శకునానికి మామ్మ ఎదురింటి ముత్తైదువను ఎదురు రమ్మంది. అక్క ముందు సీటులో, వాళ్ళ నాన్న వెనక కూర్చున్నారు. తాతయ్య తాళం తిప్పాడు. ఇంజను గిర్రుగిర్రుమని తిరిగిందే తప్ప అంటుకోలేదు. మళ్ళీ తిప్పాడు, అంతే. నాకు లోలోపల ఎంత సంబరమో.

అక్క నాన్న కారు దిగిపోయాడు.

"బండే కదల్లేదంటే ఎల్లొద్దని సెప్తన్నట్టే కదేటి బాబాయ్. శకునం బాగోలేదు. ఇంక దీని సదువు సాలు."

అక్క కారు దిగి, జడలోంచి పూలు తీయడం మొదలుపెట్టింది. నా సంబరం కాస్తా దిగిపోయింది. నేను కోరుకున్నది ముందు సీటే గాని, ఆమె చదువు ఆగిపోవాలని కాదు. అయినా తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాను.

బండికి శకునాలు తెలవవంటూ తాతయ్య బానెట్టు ఎత్తాడు. చలికి ఇంజనును వేడెక్కించే హీటరు పని చెయ్యలేదేమోనని చూశాడు, బాగానే ఉంది. ఇంజను జోరుగా తిరుగుతోంది కాబట్టి బ్యాటరీలో లోపం లేదన్నాడు. నన్ను వెనక నిలబెట్టి, ఇంకోసారి తాళం తిప్పి, గొట్టంలోంచి పొగ వస్తోందేమో చూడమన్నాడు. లేదన్నాను. పొగ లేదంటే ఇంజనుకి డీజిలు అందట్లేదని అర్థం. పైపులో గాలి చేరిందేమోనని ఫిల్టరు మీది మర వదులు చేసి చేతి పంపు కొట్టాడు. బుడగ లేకుండా డీజిలు వచ్చింది. తీరిగ్గా మర బిగించాడు.

"ఇక్కడిదాకా బాగానే వస్తంది. మరి ఎక్కడాగిపోతందో ఏటో" అని నా వైపు చూశాడు.

ఇక నా వల్ల కాలేదు. కారెక్కి పిప్పి లాగేసి, నాబు నొక్కి, పిప్పిని గుప్పిట్లో దాచుకున్నాను. తాతయ్య వచ్చి తాళం తిప్పాడు. ఇంజను ఒక్క దగ్గు దగ్గి, నల్లగా పొగ చిమ్మి అంటుకుంది.

"నాబు నొక్కడం మర్సిపోనాన్రా, నాదే మతిమరుపు. మా గుంట కనిపెట్టింది. శకునం లేదు, ఏటీ లేదు, ఎక్కు" అన్నాడు తాతయ్య అక్క నాన్నతో.

అక్క నన్ను కావిలించుకుంది. తీసేసిన పూలలో సగం నా జడలో పెట్టింది. నేను భోరుమన్నాను. తాను వెళ్ళిపోతోందని ఏడుస్తున్నాననుకుంది పాపం.

కూర్చోగానే నాబు చూశానని తాతయ్య ఆ సాయంత్రం చెప్పాడు. నేనే వచ్చి పిప్పి తీస్తానేమోనని అంతసేపూ కారులో లేని రోగాన్ని వెతికాడట. రాకపోతే ఏం చేసేవాడివని అడిగాను.

"పిప్పి నేనే తీసేద్దును. నీ కడుపులో మంట నేనెలా తీసేదే?"

అక్క టీచరై, గోవాడ వైపు ఊళ్ళలో పాఠాలు చెప్పి రిటైరైంది. ఇప్పటికీ ఏ పెళ్ళిలో కనబడినా, ఆ రోజు ఇది కనిపెట్టకపోతే నేను టీచర్నయ్యేదాన్నే కాదని పక్కవాళ్ళకు నన్ను చూపిస్తుంది. నిజం చెబుదామని ఎన్నోసార్లు అనుకున్నాను, నోరు రాలేదు. ఈ వయసులోనూ నాకు అసూయ పోలేదు. మొన్న మా తోటికోడలి కొత్త ఇల్లు చూసినప్పుడూ వచ్చింది. వచ్చినప్పుడల్లా నా గుప్పిట ఒకసారి తెరిచి, పిప్పి ఉందేమోనని చూసుకుంటాను.