బెండకాయ తుంచకూడని దేశం

బెండకాయ కొస తుంచి చూడకుండా కొనే ఆడమనిషిని మా కోయిలకుంట్లలో నేను చూడలేదు. టప్పున విరిగితే లేత, వంగితే ముదురు. పెళ్లయిన కొత్తలో మా ఆయన సంచి పట్టుకుని నా వెనకే సంతకు వచ్చేవాడు.

"బుట్టంతా తుంచేస్తాండావు, మిగిలినేటివి ఎవురు కొంటారమ్మా?" అని అమ్మే ముసలామె నాతో తగువుకు దిగేది.

"పోనీలే అవ్వా, ఈ నోటికి భయపడే నేనూ సంచి మోస్తాండా" అని ఆయన నవ్వేవాడు. ఆ నవ్వు కోసమే ఇంకో రెండు తుంచేదాన్ని.

ఆయన ఉద్యోగం కోసం జర్మనీ వెళ్లాం. మొదటి వారమే అక్కడి దుకాణంలో బెండకాయలు కనబడితే ప్రాణం లేచొచ్చి ఒకటి విరిచాను. పనిచేసే అమ్మాయి ఏదో అంది. ఆయన ముఖం మాడిపోయింది. "ఇది మీ సంత కాదు. పరువు తీస్తాండావు" అన్నాడు. మా సంత ఆయనకు ఎప్పుడు పరాయిదయిందో నాకు తెలియలేదు.

పట్టుబట్టి నేర్చుకున్నాను. కాయను ముట్టకుండా కళ్లతోనే ఏరడం, బేరం మాటే ఎత్తకపోవడం. అన్నిటికంటే కష్టం, బిల్లు కొట్టే మనిషి తోసినంత వేగంగా సామాను సంచిలో సర్దుకోవడం. వెనక వరుసలో ఎవరైనా నిట్టూరిస్తే, ఆయన నేనెవరో తెలియనట్టు తలుపు దగ్గరికి జరిగేవాడు. ఇంట్లో పప్పు ప్యాకెట్లు బల్ల మీద పరుచుకుని ఒక్కదాన్నే సర్దడం అలవాటు చేసుకున్నాను. అది వస్తే కాపురం నిలబడుతుందనుకున్న పిచ్చిదాన్ని.

నిలబడలేదు. "నీతో నాకు కుదరదు" అని వేరే చోట గది చూసుకుని వెళ్లిపోయాడు.

కొన్నాళ్లకు అదే దుకాణంలో, వరుసలో నా వెనకే నిలబడ్డాడు. "బాగుండావా?" అన్నాడు. తల ఊపాను. మా మాటలు విని ఒకే ఇంటివాళ్లం అనుకుందేమో, ఆ బిల్లు మనిషి నా సరుకయ్యాక ఆయన పాలు, రొట్టె కూడా నా లెక్కలోనే కొట్టబోయింది. నేను కాదనలేదు. ఆయనే చెయ్యి అడ్డం పెట్టి, వాళ్ల భాషలో, "మేం వేరు" అన్నాడు.

డబ్బులిచ్చి సామాను సర్దుకున్నాను. వెనక ఎవరూ నిట్టూర్చలేదు.

"శానా బాగా నేర్చుకున్నావే" అన్నాడు ఆయన, నిజంగానే మెచ్చుకుంటూ.

సంచి కింద పడేసి, అంతమంది మధ్య, మా ఊళ్లో ఏడ్చినట్టే గట్టిగా ఏడ్చాను.